తడిలో పెరిగి, పొడిలో ఎగిరే బూజు

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేలలో కోళ్ల షెడ్డుకు బూజు బెడద ఏమిటని అడిగే రైతు మాటలో సగం నిజముంది. శిలీంధ్రం పెరగడానికి తడి కావాలి. కానీ అది కోడిపిల్ల ఊపిరితిత్తుల్లోకి చేరడానికి కావలసింది ఎండిన దుమ్ము. షెడ్డు నేల మీద పరిచే ఊక, పొట్టు పరుపును లిట్టరు అంటారు. ఒకసారి తడిసి, ఆపైన ఆరిపోయే లిట్టరులో ఈ రెండూ వరుసగా సమకూరుతాయి. మెట్ట ప్రాంతాల్లో జరిగేది సరిగ్గా అదే.

షెడ్డు నేల మీద పరచడానికి కర్నూలు కాలువ కింది ఊళ్లలో వరి ఊక, అనంతపురం మెట్ట ఊళ్లలో శెనక్కాయ పొట్టు దగ్గరలో దొరుకుతాయి. మట్టిలో ఊరిన కాయ పొట్టు కనుక రెండోది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు బీజాలను (స్పోర్లను) పొలం నుంచే మోసుకురావచ్చు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోవడానికి కారణం వేరుశనగ పిండి మేతలో ఈ బూజు వదిలిన విషమే. ఆ విషానికి అఫ్లటాక్సిన్ అనే పేరు కూడా ఈ బూజు పేరు నుంచే పుట్టింది. అయితే ఊపిరి జబ్బు వరకు దీనికంటే ఎక్కువ భయపెట్టేది దీని దాయాది ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్. దాని బీజం రెండు మూడు మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు, కోడి ఒంట్లోని 41 డిగ్రీల వేడిలో అది సుఖంగా పెరుగుతుంది.

కోడికి ఊపిరితిత్తులతో పాటు తొమ్మిది గాలి సంచులుంటాయి. రక్తప్రసరణ తక్కువగా ఉండే ఆ సంచుల్లో బీజం దిగితే దాన్ని అడ్డుకునే కాపలా పలుచన. వెచ్చదనమిచ్చే బ్రూడరు కింద ఉన్న తొలి వారాల పిల్లలు నోరు తెరిచి, మెడ చాచి, గురక శబ్దమేమీ లేకుండా ఎగశ్వాస తీస్తుంటే బూజును అనుమానించాలి. చనిపోయిన పిల్లను పశువైద్యుడు కోసి చూసినప్పుడు ఊపిరితిత్తుల మీద కొర్రగింజంత తెల్లని, పసుపు పచ్చని గడ్డలు కనిపిస్తాయి. అప్పటికి మందుతో గుంపునంతా బాగుచేయడం దాదాపు అసాధ్యం.

సెప్టెంబరు, అక్టోబరు ముసురులో తడి ఎక్కడిదో అందరికీ తెలుస్తుంది. చలికాలపు రాత్రుల్లో పిల్లలకు వెచ్చదనం కోసం పరదాలు పూర్తిగా దించితే, వాటి ఊపిరిలోని ఆవిరి, రెట్టలోని తేమ బయటికి పోలేక లిట్టరులోకే దిగుతాయి. మనం ఏమరుపాటుగా ఉండేది మాత్రం ఎండాకాలంలోనే. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కోడి మామూలు కంటే చాలా ఎక్కువ నీళ్లు తాగి పలుచగా రెట్ట వేస్తుంది, పైనుంచి షెడ్డును చల్లబరిచే ఫాగర్ల తుంపర కురుస్తుంది, నీటి గొట్టాల కింద లిట్టరు గట్టిపడి చెక్క కడుతుంది. ఆ చెక్కను విరిచి చూస్తే పైన నల్లగా, లోపల తెల్లని దారాలతో, తడి గోనెసంచి వాసనతో ఉంటుంది. రెండు రోజుల వడగాలికి అది పొడి అవుతుంది. కోళ్లు కాళ్లతో గీరగానే బీజాలు లేస్తాయి.

లిట్టరును పిడికిట పట్టి వదిలినప్పుడు ముద్ద అలాగే నిలిస్తే తడి ఎక్కువైనట్టు, కాస్త నిలిచి పగిలిపోతే సరిగ్గా ఉన్నట్టు, అసలు ముద్ద కట్టకుండా దుమ్ము లేస్తే మరీ ఎండినట్టు. వందకు ఇరవై నుంచి ముప్పై పాళ్ల తేమ మంచిదని పెంపకందారులు భావిస్తారు.

బూజు పట్టిన చెక్కను తడిగా ఉన్నప్పుడే, ముక్కుకు గుడ్డ కట్టుకొని ఎత్తివేయాలి. ఎండిన తరువాత పార పెడితే బీజాలు షెడ్డంతా పరుచుకుంటాయి. కొత్త పొట్టును బల్లల మీద నిలువ చేసి, ఎండబెట్టి, వాసన చూసి మరీ పరవాలి. ఇక రామగిరి కొండల మీద గాలిమరలను పడమటి గాలి తిప్పే జూన్, జూలై నెలల్లో, ఎత్తిన పెంటను పిల్లల షెడ్డుకు గాలి వచ్చే పడమటి దిక్కున కుప్ప పోయరాదు.