తాబేలు పిల్లను చేత్తో మోసి సముద్రంలో వదలడం సాయం కాదు: అపోహలు, వాస్తవాలు

విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడే హేచరీలో నేను పనిచేస్తున్నాను. గుడ్లు పొదిగే రోజుల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చే ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఒక్కటే: "మా పిల్లల చేత ఒక్కో తాబేలును నీళ్లలో వదిలిస్తారా?"

వదిలించము. చేత్తో నీళ్లలో వదిలితే సాయమనుకోవడం వాటి ప్రాణాలకే ముప్పు తెచ్చే అపోహ. గూడు నుంచి బయటపడిన తాబేలు పిల్ల ఇసుక మీద తానే పాకాలి. ఆ కొద్ది దూరంలోనే అది సముద్రం ఏ దిక్కున ఉందో పసిగట్టి, అలలు దాటాక కూడా ఆ దిక్కునే పట్టుకుని ఈదుతుంది. కడుపులో మిగిలిన పచ్చసొన శక్తే ఆ తొలి రోజుల ఈతకు ఆధారం కాబట్టి, ఫొటోల కోసం చేతులు మారినా, బకెట్లో తెల్లవార్లూ కొట్టుకున్నా ఆ శక్తి ఒడ్డునే ఖర్చయిపోతుంది.

మూడేళ్ల క్రితం ఒక మత్స్యకార గ్రామంలో నాలుగో తరగతి బాబు ఒకడు, వీధి దీపం కింద తిరుగుతున్న తాబేలు పిల్లలను ఏరి, కుళాయి నీళ్లు నింపిన బకెట్లో వేసి, ఆకలేస్తుందని అన్నం మెతుకులు కూడా వేశాడు. తెల్లవారి వాళ్లమ్మ ఆ బకెట్ తెచ్చేసరికి రెండే కదులుతున్నాయి. "బాబు మీద కేసు పెడతారా సార్?" అని ఆవిడ ఏడ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న ప్రాణిని ఇంట్లో పెంచుకోవడం నేరమే గానీ, కాపాడాలని తెచ్చి అప్పగించిన పసివాడిని భయపెట్టడానికి ఆ చట్టం రాలేదని ఆవిడకు నచ్చజెప్పాను. సముద్రపు మెరుపును వెతుక్కునే తాబేలు పిల్లలను ఊరి వైపు లాగింది అక్కడి దీపాలే. ఆ రాత్రి తప్పు దీపాలది, బాబుది కాదు. అలా దారితప్పిన తాబేలు పిల్లలు కనబడితే నీళ్లు పోయకుండా, అడుగున తడి ఇసుక వేసిన గిన్నెలో చీకట్లో ఉంచి, ఆ రాత్రే అటవీ సిబ్బందికి కబురు చేయాలి.

శ్రీకూర్మం ఆలయంలో తాబేళ్లు ఉన్నాయి కదా, వీటినీ ఏదైనా కోనేట్లో వదిలేస్తే పుణ్యమని కొందరంటారు. అక్కడున్నవి నేల మీద బతికే నక్షత్ర తాబేళ్లు. ఇవి ఉప్పునీటి ప్రాణులు, కోనేటిలో బతకవు. చనిపోయిన తాబేళ్లు కొట్టుకొస్తే సునామీ వస్తుందనే పుకారుకు ఏ ఆధారమూ లేదు. ఊపిరి కోసం పైకి రావలసిన ఈ జీవులు ట్రాలర్ల వలల్లో చిక్కి, గాలి అందక చనిపోతాయి. గుడ్లను బడికి తెచ్చి చూపిస్తే పిల్లలకు శ్రద్ధ పెరుగుతుందన్న మాట కూడా మానుకోండి: పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది, ఆ తర్వాత గుడ్డును తిప్పితే అది నిలవదు.

మరి విద్యార్థులు ఏం చేయాలి? గుడ్లు పొదగడానికి పట్టే 45 నుంచి 60 రోజుల్లో వాళ్లకు చేతినిండా పని ఉంటుంది. సాయంత్రం ఇసుకలో తవ్విన గుంతలను పూడ్చడం, తెగిన వలముక్కలను ఏరడం, కుక్కలను గూళ్ల దగ్గరకు రానీయకపోవడం, గూళ్ల లెక్క రాయడం వంటివి వాళ్లు పెద్దల కంటే ఓపికగా చేస్తారు. ఆ బాబు ఇప్పుడు ఏడో తరగతి. మార్చి రాగానే స్నేహితులతో కలిసి ఒడ్డున ఉన్న ఇంటింటికీ వెళ్లి, చీకటి పడ్డాక సముద్రం వైపు దీపాలు ఆర్పమని అడుగుతున్నాడు.