పై ఫ్లోర్‌కి వైఫై ఎక్కట్లేదా? ప్లాన్ మార్చే ముందు స్లాబ్ సంగతి చూడండి

మూడంతస్తుల ఇల్లు, కింద హాల్లో రౌటర్, పైన బెడ్‌రూమ్‌లో వీడియో పెడితే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. వెంటనే చాలామంది చేసే పని నెట్ ప్లాన్ పెంచుకోవడం, 100 ఎంబీ చాలట్లేదేమో 300 వేయిద్దాం అని. దాంతో ఒరిగేదేం లేదు, నెట్ ఇంట్లోకి బానే వస్తోంది, అడ్డం పడుతోంది స్లాబ్.

వైఫై అంటే రేడియో అలలే కదా. రౌటర్ మామూలుగా పంపే రెండు రకాల్లో 2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది దాంట్లో సగం కన్నా తక్కువ. మామూలు ఇటుక గోడైతే ఇవి కాస్త నీరసపడి అయినా దాటేస్తాయి. స్లాబ్ అలా కాదు, లోపల ఇనుప చువ్వలు నిలువూ అడ్డం కట్టి ఉంటాయి, అవి కొంత సిగ్నల్‌ని వెనక్కి కొట్టేస్తాయి, మిగిలినదాంట్లో చాలా భాగం కాంక్రీట్ మింగేస్తుంది, చెమ్మ ఉంటే ఇంకా ఎక్కువ. ఒక స్లాబ్ 15 డెసిబెల్స్ (సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే కొలత) తినేసిందనుకోండి, వినడానికి చిన్న నంబరే, కానీ లెక్కేస్తే ముప్పయ్యో వంతు మిగిలిందని అర్థం. రెండో స్లాబ్ కూడా అంతే తింటే మిగిలేది వెయ్యో వంతు. 5 గిగాహెర్ట్జ్‌కైతే ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది, అందుకే పైకి వెళ్లేసరికి ఫోన్ 2.4కి దిగిపోయి స్పీడ్ కూడా పడిపోతుంది.

ఫోన్‌లో ఏదైనా వైఫై అనలైజర్ యాప్ వేసుకుని మెట్లెక్కుతూ చూడండి, సిగ్నల్ బలం మైనస్ నంబర్లలో కనిపిస్తుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత గట్టిది. రౌటర్ పక్కన -35 లాంటిది ఉంటుంది, -67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది, -80 అంటే పేరుకే కనెక్షన్. మెట్ల మీద నంబర్ బావుండి గదిలోకి అడుగుపెట్టగానే పడిపోయిందంటే, సిగ్నల్ మీకు ఎక్కువగా మెట్ల ఖాళీలోంచే ఎక్కుతోందన్నమాట. అలాంటప్పుడు రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి మెట్ల దగ్గర ఎత్తులో పెడితే పైసా ఖర్చు లేకుండా కొంత నయం.

యాంటెనాల విషయం కూడా. అన్నిటినీ నిటారుగా నిలబెడతాం, చూడ్డానికి బావుంటుంది, కానీ పుల్ల యాంటెనా చుట్టూ సిగ్నల్ గాలి కొట్టిన సైకిల్ ట్యూబ్ ఆకారంలో పరుచుకుంటుంది, పక్కలకి బాగా, మొన వైపు దాదాపు శూన్యం. ఆ మొన చూసేది సరిగ్గా పై ఫ్లోర్ వైపే! ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టి చూడండి.

ఎక్కువ పవర్ ఉన్న రౌటర్ కొంటే సరిపోతుందా అంటే, నా ఉద్దేశంలో డబ్బు దండగ. మాట రెండు వైపులా వినపడాలి. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా ఫోన్ చిన్న బ్యాటరీతో ఇచ్చే జవాబు అదే స్లాబ్ దాటి కిందికి రావాలి.

తర్వాత అందరూ కొనేది రిపీటర్, అంటే వైఫైని అందుకుని మళ్లీ పంపే పెట్టె. చౌకరకం వాటిలో విన్నది తిరిగి చెప్పేది ఒకే రేడియో, ఒకే ఛానల్, రెండూ ఒకేసారి చేయలేదు కాబట్టి స్పీడ్ సగానికి పడుతుంది. పైగా దాన్ని సిగ్నల్ లేని గదిలోనే తగిలిస్తారు. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం రాదు, ఎందుకంటే ఆ గీతలు ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య సంగతి చెప్తాయి, రిపీటర్‌కి కింద నుంచి ఏమందుతోందో చెప్పవు. సిగ్నల్ ఇంకా బావున్న చోట, మెట్ల మలుపులో పెట్టాలి. మెష్ సెట్లు (అక్కడక్కడా పెడితే అన్నీ కలిసి ఒకే వైఫైగా పనిచేసే పెట్టెలు) ఇంతకంటే మేలే, ముఖ్యంగా తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే రేడియో ఉన్న ట్రై బ్యాండ్ రకం, అయినా గాల్లోంచి వెళ్తే వాటికీ అదే స్లాబ్ అడ్డం.

అసలు మందు వైరే. ఒక క్యాట్ 6 కేబుల్ (నెట్ వైర్) గోడలో పైపులోంచో బయట గోడ వెంబడో పైకి లాగండి (బయటైతే ఎండకి తట్టుకునే రకం). 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ తగ్గకుండా వెళ్తుంది, ఎన్ని స్లాబ్‌లు అడ్డొచ్చినా దానికి లెక్కలేదు. పైన యాక్సెస్ పాయింట్ (వైర్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే పెట్టె) పెట్టండి, పాత రౌటర్ ఉంటే అదే చాలు: దాంట్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రస్‌లు పంచే పని, అది మెయిన్ రౌటర్ చూసుకుంటుంది) ఆపేయండి, మెయిన్ రౌటర్‌తో గొడవ రాకుండా దాని ఐపీ (నెట్‌వర్క్‌లో దాని సొంత అడ్రస్) మార్చండి, కేబుల్‌ని వాన్ (బయటి నెట్ వచ్చే) పోర్ట్‌లో కాకుండా లాన్ (ఇంట్లో వాటికిచ్చే) పోర్ట్‌లో గుచ్చండి. పేరు, పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే. 2.4లో ఒకదానికి ఛానల్ 1 ఇస్తే ఇంకోదానికి 6 లేదా 11, ఇవి మూడే ఒకదాని మీద ఒకటి పడనివి.

ఇంత చేశాక కూడా పైకెక్కిన ఫోన్ కింద రౌటర్‌నే పట్టుకుని వేలాడుతుంటే కంగారు పడకండి, ఎప్పుడు మారాలన్నది చివరికి ఫోనే తేల్చుకుంటుంది. 802.11 కె, వి, ఆర్ అనే సెట్టింగులు (ఫోన్ ఒక పెట్టె నుంచి ఇంకోదానికి తేలిగ్గా మారడానికి సాయపడేవి) రెండు పెట్టెల్లోనూ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే కింద రౌటర్ 2.4 పవర్‌ని ఒక మెట్టు తగ్గించండి, పైకి వెళ్లగానే ఫోన్ దాన్ని త్వరగా వదిలేస్తుంది.