కీమో రోజుల్లో నిద్ర ఎందుకు పట్టదు, ఏం చేయొచ్చు

కీమో అనగానే వాంతులు, జుట్టు ఊడటం గురించే మాట్లాడుకుంటాం, డాక్టర్లు కూడా వాటికి ముందే మందులు రాసేస్తారు, కానీ రాత్రి నిద్ర పడుతోందా అని అడిగేవాళ్ళు తక్కువ, పేషెంట్ కూడా ఇంత పెద్ద జబ్బు పెట్టుకుని నిద్ర గురించి ఏం చెప్తాంలే అని ఊరుకుంటారు. 2010లో వచ్చిన ఒక అమెరికా స్టడీలో కీమో తీసుకుంటున్న 823 మందిని చూస్తే మొదటి సైకిల్‌లోనే, అంటే మొదటి విడత కీమోలోనే, 43 శాతం మందికి పూర్తి స్థాయి నిద్రలేమి ఉంది, ఇంకో 37 శాతం మందికి దాని లక్షణాలు ఉన్నాయి. మామూలు జనంలో కనిపించేదానికి ఇది దాదాపు మూడు రెట్లు.

క్యాన్సర్ అంటే టెన్షన్ ఉండదా, అందుకే నిద్ర రావట్లేదు అంటారు చుట్టుపక్కలవాళ్ళు. టెన్షన్ ఉంటుంది, కాదనను, కానీ అంతా దాని మీదకే తోసేస్తే సరిచేసుకోగలిగిన కారణాలు అలాగే ఉండిపోతాయి.

అందులో మొదటిది డెక్సామెథసోన్. వాంతులు రాకుండా, కొన్ని కీమో మందులకి ఎలర్జీ రాకుండా ఈ స్టెరాయిడ్ ఇస్తారు. మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పొద్దున పెరిగి రాత్రికి తగ్గుతుంది, అది తగ్గితేనే ఒళ్ళు నిద్రకి సిద్ధమవుతుంది, డెక్సా అదే కార్టిసాల్ పనిని చాలా రెట్లు గట్టిగా చేస్తుంది పైగా ఒక్క డోసు ప్రభావం 36 నుంచి 54 గంటలు ఉంటుంది. అందుకే కీమో ఎక్కించుకున్న మొదటి రెండు మూడు రాత్రులు కళ్ళు మూతపడవు, ఆ మాత్రలు ఆపాక ఒక్కసారిగా నీరసం ముంచేస్తుంది. డోసిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించుకునేవాళ్ళకి ఈ డెక్సా సాధారణంగా రోజుకి రెండుసార్లు, మూడు రోజులు రాస్తారు. మన ఇళ్ళల్లో రోజుకి రెండుసార్లు అంటే టిఫిన్ అయ్యాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి అనే కదా అర్థం! ఆ రెండోది మధ్యాహ్నం భోజనం తర్వాత వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి, చాలామందికి ఆ ఒక్క మార్పుతోనే కాస్త తేడా తెలుస్తుంది. అడగకుండా మాత్రం టైమ్ మార్చొద్దు, మానేయొద్దు, ఎందుకంటే పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులకి ముందురోజు రాత్రి డోసు కావాలనే పెట్టే పద్ధతి కూడా ఉంది.

వాంతుల మందుల్లోనే నిద్రకి పనికొచ్చేది కూడా ఉంది, ఒలాంజపిన్. రాత్రిపూట వేసుకుంటే వికారం తగ్గుతుంది, నిద్రా వస్తుంది, కానీ 10 మిల్లీగ్రాముల డోసుతో మర్నాడంతా మత్తుగా ఉండేది. ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ హాస్పిటల్‌లో 2.5 మిల్లీగ్రాములతో పోల్చి చూసి 2024లో రిజల్ట్ ఇచ్చారు, వాంతుల మీద చిన్న డోసు కూడా దానికేం తీసిపోలేదు, పగటి మత్తు మాత్రం బాగా తగ్గింది. మన దేశంలో మన పేషెంట్ల మీద జరిగిన ఇలాంటి పని గురించి ఇంకా ఎక్కువ మందికి తెలియాలి అనిపిస్తుంది నాకు.

ఇంకా చూసుకోవాల్సినవి ఉన్నాయి, అరికాళ్ళలో తిమ్మిర్లు మంటలు, ఆడవాళ్ళకి కీమోతో నెలసరి ఆగిపోయి వచ్చే వేడి ఆవిర్లు, నొప్పి, మెటోక్లోప్రమైడ్ అనే వాంతుల మందు వల్ల కాళ్ళు ఒకచోట నిలవనివ్వని అశాంతి. వీటిలో ప్రతిదానికీ మందో మార్గమో ఉంది, కాకపోతే చెప్పాలి.

రెండో పెద్ద కారణం మన ప్రేమే. నీరసంగా ఉంది కదా పడుకో అమ్మా, లేవొద్దు అంటూ పగలంతా మంచం మీదే ఉంచేస్తాం, మధ్యాహ్నం మూడు గంటలు నిద్రపోతే రాత్రికి నిద్ర మిగలదు, తర్వాత ఆ మంచం చూస్తేనే మెలకువ వచ్చే స్థితికి వస్తారు. సిబిటి-ఐ అని, మందులు లేకుండా నిద్రకి సంబంధించిన అలవాట్లని, ఆలోచనల్ని మార్చే చికిత్స దీనిమీదే పనిచేస్తుంది, దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్ళకి మాత్రల కంటే ముందు ఇదే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం చెప్పింది. రోజూ ఒకే టైమ్‌కి లేవడం, నిద్ర వచ్చినప్పుడే మంచం ఎక్కడం, ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే చోట కూర్చోవడం, పగటి కునుకు మధ్యాహ్నం మూడు లోపు అరగంటతో ఆపేయడం, పొద్దున ఎండ వెలుగులో కాసేపు నడవడం. కీమోలో ఉన్నవాళ్ళకి దీన్ని కొంచెం సడలించి చేయించాలి, మరీ నీరసంగా ఉన్న రోజు పట్టుబట్టకూడదు, రాత్రి లేచేటప్పుడు కళ్ళు తిరిగి పడకుండా తోడు ఉండాలి.

నిద్రమాత్రలు కొద్దిరోజులకి డాక్టర్ రాస్తే తప్పు కాదు. కానీ ఆల్ప్రాజోలం లాంటివి మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కుని మార్ఫిన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులతో కలిపి వేసుకుంటే శ్వాస మందగించి ప్రాణం మీదకి రావచ్చు, నిద్రకి మంచిదని ఎవరో ఇచ్చిన అశ్వగంధ కూడా కొందరిలో లివర్‌ని దెబ్బతీసింది కాబట్టి అదీ డాక్టర్‌కి చెప్పే వాడాలి. రాత్రి చలి, వణుకుతో మెలకువ వస్తే ముందు థర్మామీటర్ పెట్టండి, 100.4 డిగ్రీలు దాటితే అది నిద్ర సమస్య కాదు, తెల్లకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.