కోటు వేసుకున్న ఫ్రీదా

విశాఖపట్నం

ప్రియమైన మనవలకు, తాతయ్య ఆశీస్సులు.

నేను పంపిన పుస్తకంలో కోటు వేసుకుని కుర్చీలో కూర్చున్నది ఆడా మగా అని మీరిద్దరూ వాదులాడుకున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆవిడ ఫ్రీదా కాలో, మెక్సికో చిత్రకారిణి. 1940లో తన బొమ్మ తనే వేసుకుంది. అంతకు ముందు ఏడాదే భర్త దియేగో రివేరాతో విడాకులయ్యాయి. ఆయనకు ఇష్టమైన పొడవాటి పరికిణీలు, పూలు తురుముకునే జడలు అన్నీ పక్కనపెట్టి, ఒంటికి వదులైన మగవాళ్ల సూటు తొడుక్కుంది. చేతిలో కత్తెర, నేలంతా కత్తిరించిన జుట్టు. బొమ్మ పైభాగంలో రాసిన పాట చరణానికి అర్థం ఇది: నీ జుట్టు చూసే ప్రేమించాను, అది పోయింది కనుక ఇక ప్రేమ లేదు. చెవులకు లోలకులు మాత్రం ఉంచుకుంది, చూశారా? నాకు ఆ బొమ్మలో అన్నిటికన్నా ఇష్టం అవే. ఆడదానిగా ఎలా కనిపించాలో ఇక తనే తేల్చుకుంటానని వాటితోనే చెప్పిందనిపిస్తుంది.

బొమ్మలో బట్ట ఒళ్లు కప్పడానికే ఉండదు. ఆ మనిషిని ఎలా చూడాలో మనకు చెబుతుంది. మన దేవుడి గదిలో లక్ష్మీదేవినే చూడండి. పాత గుడి శిల్పాల్లో దేవతలకు చాలాచోట్ల రవికె ఉండదు, నగలే ఎక్కువ. రాజా రవివర్మ (1848–1906) వాళ్లకు చీర కట్టి, నూనె రంగుల్లో మన ఇళ్లలో ఆడవాళ్లలా నిలబెట్టాడు. 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి అచ్చు వేయించాక ఆ రూపం ఇంటింటికీ చేరింది. ఇప్పుడు చీర కట్టని లక్ష్మిని ఊహించగలరా? మగవాళ్ల సంగతీ అంతే. లేపాక్షి గుడి పైకప్పు మీది 16వ శతాబ్దపు బొమ్మల్లో మగవాళ్లు కూడా చెవులకీ మెడకీ నగలు పెట్టుకునే ఉంటారు.

బట్టల్లేని బొమ్మలు వస్తే గబగబా పేజీ తిప్పేశారట. పెద్దవాళ్లకూ ఆ ఇబ్బంది ఉండేది. వాటికన్‌లో మైకెలాంజెలో 1541లో పూర్తిచేసిన 'తుది తీర్పు' చిత్రంలోని మనుషులకు, పాతికేళ్లు తిరగకుండానే మతపెద్దలు ఇంకో చిత్రకారుడితో గుడ్డలు వేయించారు. నాకది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఒంటి గురించి తెలియకుండా బట్ట కూడా గీయలేం. కుచ్చిళ్లు ఎటు జారతాయో తెలియాలంటే కింద తుంటి ఎముక ఎక్కడుందో, బరువు ఏ కాలి మీద ఉందో తెలియాలి.

ఫ్రీదాదే ఇంకో బొమ్మ ఉంది, 1944లో వేసింది. పద్దెనిమిదేళ్ల వయసులో బస్సు ప్రమాదంలో ఆవిడ వెన్ను దెబ్బతింది. అందుకే ఆ బొమ్మలో వెన్నెముక ఉండాల్సిన చోట పగిలిన రాతి స్తంభం, ఒళ్లంతా మేకులు, నడుం పైన బట్టకు బదులు తెల్లటి పట్టీలు. ఆ నొప్పిని చీరో కోటో వేసి చూపించలేం. ఈసారి పేజీ తిప్పకుండా చూడండి.

సెలవులకు వచ్చినప్పుడు పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్దాం. చీర ఎగదోపి చేపల గంపలెత్తే ఆడవాళ్లు నిలబడే తీరు గీద్దురుగాని, ముందు వాళ్లని అడిగి. 4బి, 6బి పెన్సిళ్లు తెచ్చుకోండి. రబ్బరు వద్దు.

మీ తాతయ్య