మందు లేని మాత్ర: మనవలకు తాతయ్య ఉత్తరం

చిన్నారికీ, వంశీకీ, ఈ ఉత్తరం చదివే మిగతా పిల్లలందరికీ ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నారి ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, మాత్రలో మందే లేకపోతే అది మింగినవాళ్ళకి ఒళ్ళునొప్పులు ఎలా వస్తాయి? వాళ్ళు అబద్ధం చెబుతున్నట్టేగా?" అని. అబద్ధం కాదమ్మా. ఎందుకు కాదో ఫోనులో చెప్పబోతే మీ అమ్మ అన్నానికి పిలిచింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కొలెస్ట్రాల్ తగ్గించడానికి స్టాటిన్లు అనే మాత్రలున్నాయి. మీ నాన్నమ్మ రాత్రి భోజనమయ్యాక వేసుకునేది ఆ జాతిదే. గుండెపోటు ముప్పు తగ్గిస్తాయని వీటికి గట్టి రుజువులున్నాయి. అయినా చాలామంది మధ్యలో మానేస్తారు. "ఇది మొదలుపెట్టిన దగ్గర్నుంచీ పిక్కలు లాగేస్తున్నాయి, ఒంట్లో సత్తువ లేదు" అంటారు. డాక్టర్లకు ఇదొక చిక్కు. వేలమంది మీద చేసిన పరీక్షల్లో చూస్తే అసలు మాత్ర వేసుకున్నవాళ్ళకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ నొప్పుల్లో పెద్ద తేడా లేదు. ఎదురుగా కూర్చున్న మనిషేమో నొప్పి నొప్పి అంటున్నాడు. ఎవర్ని నమ్మాలి?

లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు ఈ చిక్కు విప్పడానికి ఒక ఉపాయం పన్నారు. నొప్పులనీ నీరసమనీ స్టాటిన్లు మానేసిన 60 మందిని పిలిచి, ఒక్కొక్కరికి 12 సీసాలు ఇచ్చారు. నెలకొక సీసా. నాలుగింటిలో అసలు మందు, నాలుగింటిలో చూడ్డానికి అచ్చం అలాగే ఉండే మందు లేని మాత్రలు, మిగతా నాలుగూ ఖాళీ. ఏ నెల ఏది వస్తుందో ముందుగా తెలియకుండా వరస కలిపేశారు. ఖాళీ సీసా వస్తే ఖాళీ అని తెలిసిపోతుంది. మాత్రలున్న సీసా వస్తే మాత్రం అవి ఏ రకమో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. రోజూ ఎవరి బాధకు వాళ్ళు ఫోనులో సున్నా నుంచి వంద లోపు మార్కులు వేసుకోవాలి. ఏ బాధా లేకపోతే సున్నా.

2020లో లెక్కలు బయటికొచ్చాయి. ఖాళీ సీసాల నెలల్లో సగటు బాధ 8 మార్కులు. అసలు మందు వేసుకున్న నెలల్లో 16.3. మరి మందు లేని మాత్రలు మింగిన నెలల్లో? 15.4.

ఈ మూడు అంకెల దగ్గర కాసేపు ఆగండి. మాత్ర మింగిన నెలల్లో బాధ దాదాపు రెట్టింపయింది. అంటే వాళ్ళు చెప్పింది నిజమే, నటన కాదు. కానీ మాత్రలో మందు ఉన్నా లేకపోయినా బాధ ఇంచుమించు అంతే. అంటే అలా పెరిగిన బాధలో పదింట తొమ్మిది వంతులు మాత్ర మింగుతున్నానన్న ఎరుక వల్ల వచ్చిందే తప్ప, లోపలి మందు వల్ల కాదు. "నీకు నొప్పి లేదు, అంతా నీ భ్రమ" అన్నవాడూ తప్పే, "ఈ మందే నన్ను పాడుచేసింది" అన్నవాడూ చాలావరకు తప్పే. ఈ పరిశోధనలో నాకు బాగా నచ్చింది తర్వాత జరిగిన సంగతి. ఎవరి లెక్క వాళ్ళ చేతికిచ్చి చూసుకోమన్నారు. ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. 60 మందిలో 30 మంది మళ్ళీ స్టాటిన్లు మొదలుపెట్టారు.

ఒక్క మాట. స్టాటిన్ల వల్ల కండరాలకు నిజంగానే దెబ్బ తగిలేవాళ్ళూ ఉన్నారు, కొద్దిమందే అయినా. రక్తపరీక్షలో అది తెలుస్తుంది. కాబట్టి నాన్నమ్మ కాళ్ళునొప్పులంటే "తాతయ్య ఉత్తరంలో రాశాడు, అంతా ఉత్తదే" అనకండి. ఆవిడ ముందు మీ చెవులు మెలిపెట్టి, తర్వాత నా దగ్గరికొస్తుంది.

కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి కదా, ఆ మాత్ర పుట్టిన కథ చెప్పకపోతే నాకు తోచదు. జపాన్‌లో అకిరా ఎండో అని ఒక శాస్త్రజ్ఞుడు. టోక్యోలో సాంక్యో అనే మందుల కంపెనీలో పనిచేసేవాడు. కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థం ఏదో ఒక బూజులో దొరుకుతుందని ఆయన నమ్మకం. 1971 నుంచి రెండేళ్ళు కూర్చుని సుమారు 6,000 రకాల బూజుల్నీ శిలీంధ్రాల్నీ ఒక్కొక్కటిగా వడపోశాడు. చివరికి బియ్యం మీద పట్టే ఒక బూజులో దొరికింది. ఇంట్లో అయితే ఆ బియ్యం ఎప్పుడో పెంటకుప్పలో పడేవి. ఆ దారిలోనే 1987లో అమెరికాలో మొదటి స్టాటిన్ అమ్మకానికి వచ్చింది. ఎండో 2024లో, తొంభై ఏళ్ళ వయసులో పోయాడు.

ఆ మందు చేసే పని చాలా సూటిగా ఉంటుంది. మన కాలేయంలో కొలెస్ట్రాల్ తయారవడానికి ఒక ఎంజైము కావాలి. స్టాటిన్ అణువు వెళ్ళి ఆ ఎంజైము పనిచేసే చోట ఇరుక్కుంటుంది. తయారీ తగ్గేసరికి కాలేయం తనకు కావలసింది రక్తంలోంచి లాక్కుంటుంది. రక్తంలో కొలెస్ట్రాల్ దిగుతుంది. మీరు నమ్మినా, నమ్మకపోయినా, మూతి ముడుచుకుని మింగినా ఈ పని జరిగిపోతుంది.

నొప్పి అలా కాదు. నమ్మకానికీ నొప్పికీ మధ్య కూడా కెమిస్ట్రీ ఉందని చూపించింది పంటి డాక్టరు దగ్గరికి వచ్చిన రోగులు.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్లిట్జ్ అనే ఇద్దరు పందుల మెదళ్ళలోంచి కొత్త పదార్థాలు తీశారు. వాటి పేరు ఎన్‌కెఫలిన్లు. నల్లమందులోంచి తీసే మార్ఫిన్ మన నరాల మీద ఎక్కడ పట్టుకుని నొప్పి తగ్గిస్తుందో, ఇవీ అక్కడే పట్టుకుంటాయి. అంటే నొప్పి తగ్గించే సరుకు మన ఒంట్లోనే తయారవుతోందన్నమాట.

నాలాక్సోన్ అని ఇంకో మందుంది. పల్లెవెలుగు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసేవాణ్ణి చూశారుగా? తనింకా కూర్చోలేదు, ఇంకొకర్ని కూర్చోనివ్వడు. నాలాక్సోన్ చేసేది సరిగ్గా అదే. మార్ఫిన్ పట్టుకోవాల్సిన చోటును తను ఆక్రమిస్తుంది, నొప్పి మాత్రం తగ్గించదు.

1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లెవీన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు జ్ఞానదంతం పీకించుకున్నవాళ్ళతో పరీక్ష చేశారు. మందు లేని ఇంజెక్షనే ఇచ్చినా కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత నాలాక్సోన్ ఎక్కిస్తే, అలా తగ్గినవాళ్ళకే నొప్పి పెరిగింది! ఉత్తి ఊహే అయితే ఊహకు విరుగుడు మందెలా ఉంటుంది? "నొప్పి మందు ఇచ్చారు" అన్న నమ్మకంతో వాళ్ళ మెదడు తన సొంత సరుకును వదిలింది. తువ్వాలు పడగానే దానికి చోటు లేకుండా పోయింది. ఈ ప్రయోగం మీద తర్వాత వాదోపవాదాలు చాలా జరిగాయి. వేరేవాళ్ళు వేరే రకాలుగా చేసి చూశారు. అన్ని రకాల ఉత్తుత్తి ఉపశమనానికీ ఇదొక్కటే దారి కాదనీ తేలింది. కానీ ఒక దారి మాత్రం ఇదే.

ఇటలీలో ట్యూరిన్ నగరంలో బెనెడెట్టి అనే ఆయన దీన్నే తిరగేసి చూశాడు. ఆపరేషన్ అయిన రోగులకు అసలైన నొప్పి మందే ఇచ్చాడు. కొందరికి డాక్టరు మంచం పక్కన నిలబడి "ఇదిగో, నొప్పి తగ్గే మందు ఎక్కిస్తున్నాను" అని చెప్పి ఇచ్చాడు. కొందరికి చెప్పాపెట్టకుండా గొట్టంలోంచి మిషన్ ఎక్కించింది. మందు అదే, మోతాదూ అదే. తెలియకుండా ఎక్కించినవాళ్ళకు ఉపశమనం తక్కువ. మన ఊళ్ళో "ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిది" అని పక్క వీధిలో ఆసుపత్రి ఉన్నా పది కిలోమీటర్లు వెళ్ళేవాళ్ళు. ఆ రోజుల్లో నేను నవ్వేవాణ్ణి. ట్యూరిన్ లెక్కలు చదివాక ఆ నవ్వు కొంచెం తగ్గించాను.

ఎలుకలకు డాక్టరు మాట అర్థం కాదు కదా, వాటికీ ఇలాగే జరుగుతుందా? 2024లో అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో షెరర్ బృందం చూసింది. రెండు గదులు. ఒక గదిలో నేల వేడిగా కాలుతుంది, పక్క గదిలో హాయిగా ఉంటుంది. చిట్టెలుకలకు ఇది అలవాటయ్యాక రెండు గదుల్లోనూ నేల వేడెక్కించారు. హాయి దొరుకుతుందని వెళ్ళిన గదిలో, నేల అంతే కాలుతున్నా, అవి పాదాలు నాక్కోవడం, గెంతడం తగ్గించాయి. ఆ సమయంలో మెదడు ముందుభాగం నుంచి చిన్నమెదడు వైపు వెళ్ళే ఒక నరాల దారి చురుగ్గా ఉందని పట్టుకున్నారు. చిన్నమెదడంటే నడకా, తూకమూ చూసుకుంటుందని మేము పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళం. దానికీ నొప్పికీ ఇలాంటి లంకె ఉంటుందని మా పాఠంలో లేదు.

ఇక్కడ వంశీ లేచి "అయితే ఆపరేషన్ కూడా ఉత్తుత్తిదే చెయ్యొచ్చుగా" అంటాడు. చేశారురా! 2002లో హ్యూస్టన్‌లో మోకాళ్ళు అరిగిన 180 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు కీలు లోపల గీకి శుభ్రం చేశారు. ఒక గుంపుకు కడిగి వదిలేశారు. మూడో గుంపుకు చర్మం మీద చిన్న కోతలు మాత్రం పెట్టి, లోపలికేమీ పోనివ్వకుండా కుట్టేశారు. కడుగుతున్న చప్పుడు వినబడాలని నీళ్ళు కూడా చిలకరించారట. ఇలా జరగొచ్చని అందరికీ ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్ళకే చేశారు. రెండేళ్ళు కనిపెట్టి చూస్తే మూడు గుంపులకూ తేడా లేదు. ఆ జబ్బుకు అప్పట్లో ఏటా లెక్కలేనన్ని ఆపరేషన్లు జరిగేవి.

అలాగని నమ్మకంతో అన్నీ నయమవుతాయనుకునేరు. మంత్రాలకు చింతకాయలు రాలవు. 2011లో ఆస్తమా రోగుల మీద వచ్చిన ఒక పరిశోధన ఈ విషయంలో నాకు కళ్ళు తెరిపించింది. వాళ్ళకు వేర్వేరు రోజుల్లో అసలు ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ (సూదులు గుచ్చే వైద్యం) ఇచ్చారు. కొన్ని రోజులు ఏమీ ఇవ్వలేదు. "ఎలా ఉంది?" అని అడిగితే మొదటి మూడింటికీ దాదాపు ఒకటే జవాబు, సుమారు సగం మేలు అన్నారు. తర్వాత గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచారు. అసలు ఇన్‌హేలర్‌తో 20 శాతం మెరుగు. ఉత్తుత్తివాటితో 7 శాతం, ఏమీ ఇవ్వనప్పుడూ అంతే. మనిషికి హాయిగా ఉంది, ఊపిరితిత్తులు మాత్రం అలాగే బిగుసుకుని ఉన్నాయి. ఆస్తమాలో ఇది ప్రాణం మీదికి తెచ్చే హాయి. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు కోసం క్యూ కట్టేవాళ్ళు "మింగాక తేలిగ్గా ఉంది" అంటే వాళ్ళతో నేను వాదించను. ఊపిరి ఊదించి కొలిచారా అని మాత్రం అడుగుతాను. అప్పటిదాకా ఇన్‌హేలర్ పక్కన పడెయ్యొద్దంటాను.

కరోనా టీకాల సంగతి మీకూ గుర్తుంటుంది. పన్నెండు టీకా పరీక్షల లెక్కలు కలిపి 2022లో చూస్తే, టీకా లేని ఉత్త ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ళలో కూడా మొదటి డోసుకు 35 శాతం మంది తలనొప్పి, నీరసం లాంటివి ఉన్నాయన్నారు. మన అపార్టుమెంటులో వారం రోజులు నడిచిన కబుర్లలో దీని వాటా ఎంతో మరి!

ఇక మిగిలింది చిన్నారి రెండో ప్రశ్న: డాక్టరు అబద్ధం చెప్పి ఉత్త మాత్ర ఇవ్వొచ్చా? నా మటుకు నాకు కూడదు. ఒకసారి తెలిసిపోతే ఆ రోగి ఇక అసలు మందునూ నమ్మడు. అయితే హార్వర్డ్‌లో టెడ్ కాప్‌చక్ అనే ఆయన, అసలు అబద్ధమే చెప్పకపోతే ఏమవుతుందని చూశాడు. తరచూ కడుపునొప్పీ విరేచనాలూ బాధించే ఐబీఎస్ రోగులు 80 మందిలో దాదాపు సగం మందికి "ఇందులో మందేమీ లేదు" అని చెప్పి మరీ, సీసా మీద ప్లాసిబో (అంటే ఉత్తుత్తి మందు) అని రాసి మరీ ఇచ్చాడు. 2010లో ఫలితం వచ్చింది. మూడు వారాల తర్వాత మాత్రలవాళ్ళలో 59 శాతం మంది సరిపడా ఉపశమనం ఉందన్నారు, మాత్రలు లేనివాళ్ళలో 35 శాతం. మొదట నేను నమ్మలేదు. ఎవరికేం దక్కిందో అందరికీ తెలుసు కదా, ఏమీ దక్కనివాళ్ళు నిరాశతో తక్కువ చెప్పి ఉండొచ్చు. 2021లో 262 మందితో ఆరు వారాలు మళ్ళీ చేశారు. ఈసారి ఇంకో గుంపును కలిపి, వాళ్ళకు మందుందో లేదో చెప్పకుండా ఇచ్చారు. చెప్పి ఇచ్చినవాళ్ళకూ చెప్పకుండా ఇచ్చినవాళ్ళకూ మేలు సమానంగానే ఉంది. నా అనుమానం పూర్తిగా తీరలేదు, సగం తీరింది.

వంశీ హోమియోపతి గురించి అడిగినదానికి వచ్చే ఉత్తరంలో రాస్తాను. అది రాసేముందు మీ పెదనాన్న ఊళ్ళో లేకుండా చూసుకోవాలి. నాన్నమ్మ సున్నుండలు చేసింది, దసరాకు రండి.

మీ
తాతయ్య