బీరపీచు, సముద్రపు స్పాంజి

నానీ, అమ్మలూ,

మొన్న బరంపురం నుంచి ఫోన్ చేసి ఒకరి మాట ఒకరు వినకుండా అడిగారు కదా, స్పాంజికి కళ్లు లేవు, కాళ్లు లేవు, నోరైనా లేదు, మరి సైన్సు పుస్తకంలో జంతువని ఎందుకు రాశారు తాతా అని. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

మన పందిరి మీద ముదిరిన బీరకాయ ఎండాక తొక్క ఒలిచి, గింజలు దులిపేస్తే పీచు మిగులుతుంది చూడండి. మధ్యధరా సముద్రంలో దొరికే స్నానాల స్పాంజీ అంతే. కొట్లో కనబడే ఆ పసుపుపచ్చ ముక్క దాని పీచు మాత్రమే. బతికున్నప్పుడు నల్లగా, ఒళ్లంతా చిన్న చిన్న బొడిపెలతో రాయిని పట్టుకుని ఉంటుంది. కొన్ని జాతుల ఒంట్లో గాజులాంటి సన్నని ముళ్లుంటాయి, దీనికి అవి లేవు, అందుకే ఒంటికి గుచ్చుకోదు.

మా నాయనమ్మ నన్ను బాహుదా ఏటి ఒడ్డున కూర్చోబెట్టి వీపంతా కందిపోయేలా బీరపీచుతో రుద్దేది. ఆవిడ చూడనప్పుడు పీచు లాక్కుని, గింజలు రాలిపోయిన సొరంగాల్లో కన్ను పెట్టి అవతలి గట్టు చూసేవాణ్ణి. స్పాంజి లోపలా అలాంటి దారులే. కాకపోతే బీరపీచు నీళ్లలో ఊరికే నానుతుంది, స్పాంజి నీళ్లని లాగుతుంది. లోపలి గదుల్లో కణాలు ఒక్కొక్కటీ సన్నని తోక ఆడిస్తుంటే, ఒంటి మీది సూది బెజ్జాల్లోంచి నీళ్లు లోపలికి వస్తాయి, వాటిలోని బాక్టీరియాని పట్టి తినేసి, మిగతా నీళ్లని పెద్ద రంధ్రంలోంచి బయటికి పంపేస్తుంది. మొక్కయితే ఎండలో తన తిండి తనే వండుకుంటుంది, ఇది అలా కాదు, ఇంకో ప్రాణిని తిని బతుకుతుంది. 1825లో రాబర్ట్ గ్రాంట్ అనే స్కాట్లాండ్ డాక్టరు ఒక స్పాంజి ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే నీళ్లు ఊటలా చిమ్ముతున్నాయట. కదలకుండా కూర్చున్నవాళ్లని పనిలేనివాళ్లని అనకండమ్మా. మా నాయనమ్మ చివరి రోజుల్లో అరుగు దిగలేదు, అయినా ఇల్లంతా ఆవిడే నడిపింది.

ఇంకొకటి. 1907లో విల్సన్ అనే ఆయన వేరే జాతి స్పాంజిని పట్టుగుడ్డలోంచి పిండేశాడు. విడిపోయిన కణాలు పాక్కుంటూ వచ్చి, ఒకదాన్నొకటి పట్టుకుని మళ్లీ స్పాంజి అయిపోయాయి! ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు ఝల్లుమంటుంది.

ఆదివారం నాన్నతో గోపాల్‌పూర్ బీచికి వెళితే, సూదితో పొడిచినట్టు ఒళ్లంతా బెజ్జాలున్న పాత ఆల్చిప్ప కోసం వెతకండి. ఒక రకం స్పాంజి ఆల్చిప్పని తొలిచి అందులోనే కాపురం పెడుతుంది. దొరికితే పారేయకుండా సెలవులకి వచ్చేటప్పుడు తీసుకురండి, ఇద్దరికీ నా భూతద్దం ఇస్తాను.

మీ తాతయ్య
ఇచ్ఛాపురం