ఆపేశాక కూడా మిగిలే కరెంటు

రాడార్ ట్రాన్స్‌మిటర్‌ని ఆపేయగానే ప్యానెల్ మీద దీపాలు ఆరిపోతాయి. పల్స్‌లకు శక్తిని అందించే కెపాసిటర్లు మాత్రం ఇంకా నిండుగానే ఉండొచ్చు. 20 కిలోవోల్టుల దగ్గర 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ దాచే శక్తి 200 జౌళ్లు. ప్రాణం తీయడానికి అంత కూడా అక్కర్లేదు.

దాన్ని ఖాళీ చేయడానికి బ్లీడర్ రెసిస్టర్ ఉంటుంది. అది 10 మెగాఓమ్‌లదైతే టైమ్ కాన్‌స్టంట్, అంటే వోల్టేజీ దాదాపు 37 శాతానికి పడిపోయే సమయం, 10 సెకన్లు. అయిదు టైమ్ కాన్‌స్టంట్లు, అంటే 50 సెకన్లు ఆగితే చాలంటారు. లెక్క వేసి చూడండి, అప్పటికీ 135 వోల్టులు మిగులుతాయి! పైగా బ్లీడర్ తెగిపోయినా ట్రాన్స్‌మిటర్ మామూలుగానే పనిచేస్తుంది కాబట్టి ఆ లోపం బయటపడదు. తలుపు తీస్తే సప్లై ఆపేసే ఇంటర్‌లాక్ కూడా కెపాసిటర్‌ని ఖాళీ చేయదు.

అందుకే డిశ్చార్జ్ రాడ్ తప్పనిసరి. ఇది చివర లోహపు కొక్కెం ఉన్న ఇన్సులేటెడ్ కర్ర. ఆ కొక్కేన్ని రాగి తీగల అల్లిక ఎర్త్ క్లాంపుకు కలుపుతుంది. ముందు మెయిన్ బ్రేకర్ ఆపి తాళం వేయాలి. తాళంచెవి పనిచేసే మనిషి జేబులోనే ఉండాలి. ఉంగరాలు, వాచీ తీసేయాలి. ఆపద వస్తే ఏంచేయాలో తెలిసిన రెండో మనిషి పక్కనుండాలి. రాడ్ రాగి అల్లిక తెగలేదని ప్రతిసారీ మీటరుతో చూసుకోవాలి. సాధారణంగా అది క్లాంపు దగ్గర తెగుతుంది. మొదట క్లాంపును రంగు పూయని ఎర్త్ బోల్టుకు బిగించి, ఆ తర్వాతే కొక్కేన్ని టెర్మినల్‌కు తాకించాలి. ఈ వరస తారుమారైతే కరెంటుకు దారి మన శరీరమే.

తిన్నగా షార్ట్ చేస్తే వేల ఆంపియర్లు పారి లోహం కరిగి చిమ్ముతుంది. 100 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా అయితే మొదటి క్షణంలోనూ 200 ఆంపియర్లు దాటవు. అది అయ్యాకే నేరుగా ఎర్త్ చేసి, పని ముగిసేదాకా అలాగే ఉంచాలి. ఎందుకంటే కెపాసిటర్ ఇన్సులేషన్ పీల్చుకున్న చార్జి కొంతసేపటికి మళ్లీ టెర్మినళ్లకు చేరుతుంది. సిరీస్‌లో ఉన్న కెపాసిటర్లను విడివిడిగా షార్ట్ చేయాలి. చివర్ల మధ్య సున్నా చూపించినా లోపల చార్జి ఉండొచ్చు.

ట్రాన్స్‌మిటర్ నడుస్తుండగా ప్రమాదాలు వేరు. పదుల కిలోవోల్టులతో నడిచే క్లిస్ట్రాన్ (మైక్రోవేవ్ శక్తిని పెంచే వాక్యూమ్ ట్యూబ్) నుంచి ఎక్స్-కిరణాలు వస్తాయి, సీసం కవచం తీసి నడపకూడదు. మైక్రోవేవ్‌లను మోసుకుపోయే లోహపు గొట్టం, అంటే వేవ్‌గైడ్, తెరిచి ఉంటే దానిలోకి ఎన్నడూ తొంగిచూడకూడదు: కంటి కటకానికి రక్తనాళాలు లేవు, మైక్రోవేవ్ వేడిని మోసుకుపోయే దారి లేక శుక్లం ఏర్పడవచ్చు. విరిగిన తెల్ల సిరామిక్ ముక్కలను అరగదీయకూడదు. అది బెరీలియం ఆక్సైడ్ అయితే ఆ ధూళి ఊపిరితిత్తులకు విషం.

పని అయ్యాక రాడ్‌ను తీసి, దాన్ని వేలాడదీసే హ్యాంగర్‌కు తగిలించాకే బ్రేకర్ తాళం తీయాలి. కొన్ని ట్రాన్స్‌మిటర్లలో ఆ హ్యాంగర్‌కే స్విచ్ అమర్చి ఉంటుంది. రాడ్ దాని చోట లేకపోతే హైవోల్టేజీ రాదు.